తీగబుట్టలు

ఫ్రిజ్‌లో కూరగాయల అర అడుగున, బ్రౌన్ పేపర్ సంచిలో ఉన్నవి ఉల్లిపాయలు కావని కనకదుర్గకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి కోడలు సుధ. సుధ ఈ మధ్య ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. అడిగితే ఊఁ అంటుంది, లేకపోతే అదీ లేదు. అంచేత కనకదుర్గ ఆ ఉదయం పులుసులోకి ఏముందా అని వెతుకుతూ ఆ సంచి విప్పింది. "ఈ ఊళ్ళో చిన్న ఉల్లిపాయలు కూడా దొరుకుతాయన్నమాట. ఒక్కళ్ళయినా నోరు విప్పి చెబితేగా" అని సణుక్కుంటూ గుప్పెడు తీసుకుంది. వంటింట్లో నేలమీద న్యూస్‌పేపర్ పరిచి, తెనాలి నుంచి సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న కత్తిపీట ముందు కూచుంది.

పొట్టు బాగానే ఊడింది. గోధుమరంగు పొట్టు, లోపల తెల్లగా నున్నగా ఉన్నాయి. ఒకదాన్ని రెండు చెక్కలు చేసింది. కళ్ళు మండలేదు. వాసన చూసింది, ఘాటు లేదు. ఈ దేశంలో దేనికీ రుచీ పచీ లేదు, ఉల్లిపాయకూ లేకుండా పోయిందని తీర్మానించేసి ఇంకోటి అందుకుంది.

అప్పుడే సుధ కాఫీ కోసం వచ్చింది. కత్తిపీటను చూసింది, పేపర్ మీద పొట్టును చూసింది. చూసి అరిచింది.

హాల్లో లాప్‌టాప్ ముందున్న చక్రపాణి పరిగెత్తుకొచ్చాడు. అమ్మ వేలు తెగిందనుకున్నాడు. వచ్చేసరికి సుధ నేలమీద మోకాళ్ళమీద కూచుని, వలిచినవాటిని ఒళ్ళోకి ఏరుకుంటూ ఏడుస్తోంది. ఆస్పత్రిలో కూడా సుధ ఇలా నోరు తెరిచి ఏడవలేదు. అక్టోబర్ నుంచి ఇంట్లో ఎవరూ ఆమె గొంతు ఇంత పెద్దగా వినలేదు.

"ఉల్లిపాయల కోసం ఇంత రాద్ధాంతం ఏమిటే తల్లీ? ఇంకో సంచి తెప్పిస్తాను" అంది కనకదుర్గ బిత్తరపోయి.

"ఉల్లిపాయలు కావు అత్తయ్యా. ట్యులిప్స్."

"అంటే?"

"పూల దుంపలమ్మా" అన్నాడు చక్రపాణి. "ఇక్కడ చలి చాలదని ముందు ఫ్రిజ్‌లో ఉంచి తర్వాత నాటుతారు. మార్చిలో పూస్తాయట."

"తినే వస్తువుల్లో పూల దుంపలు పెడితే నాకేం తెలుస్తుందిరా? నా మొహాన ఏమన్నా రాసి ఉందా?" అంది ఆవిడ. కానీ గొంతులో పస లేదు. కత్తిపీట మడిచి పక్కన పెట్టేసింది.

చక్రపాణి భార్య భుజంమీద చెయ్యి వెయ్యబోయి, అమ్మ ఉందని మానేసి, మళ్ళీ లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళిపోయాడు. అది డిసెంబరు చివరి వారం. ఆఫీసు షట్‌డౌన్, అందరికీ సెలవు. అతనికి మాత్రం ఆ మెషీన్‌లో ఎప్పుడూ ఏదో పని ఉంటుంది.

ఆ దుంపలు ఎందుకంత ముఖ్యమో సుధ వాళ్ళకు చెప్పలేదు. చెప్పాలంటే చెప్పకూడని మాట పలకాలి. బిడ్డ పుట్టకముందు బిడ్డకోసం నూలుపోగైనా కొనకూడదని తెనాలి నుంచి ఫోన్‌లో కనకదుర్గ నెలనెలా గుర్తు చేసేది. సుధ ఆ మాట జవదాటలేదు. బేబీ షవర్ చేస్తామని స్నేహితురాళ్ళు వెంటబడినా వద్దంది. ఉయ్యాల కొనలేదు, మేజోళ్ళు కొనలేదు, పక్క గదిలో ఇస్త్రీ బల్ల అలాగే ఉంచింది. ఇంటికి తెచ్చాక అన్నీ కొనుక్కోవచ్చని చక్రపాణి కూడా అన్నాడు. ఎనిమిదో నెలలో, సెప్టెంబర్లో, సామాన్లకని వెళ్ళినప్పుడు స్టోర్‌లో ఈ సంచి కనిపించింది. సంచిమీద ఎర్రటి పూలున్నాయి. అవి పూసేనాటికి బిడ్డకు ఐదో నెల. పూల పక్కన గుడ్డ పరిచి పడుకోబెట్టి ఫొటో తియ్యవచ్చు అనుకుంది. పూలు బిడ్డ వస్తువు కిందికి రావు కదా, దోషం లేదని తనకు తాను సర్దిచెప్పుకుని కొంది.

ఏమీ కొననందువల్ల ఏ ఆపదా ఆగలేదు. పూర్తి నెలలు నిండబోతుండగా ఒక ఉదయం కడుపులో కదలిక ఆగిపోయింది. ఆ బిడ్డకోసం ఈ భూమ్మీద కొన్నది ఏదైనా ఉందంటే, ఆ సంచి ఒక్కటే. ఇప్పుడు అందులోనూ ఒకటి రెండు చెక్కలయింది.

భోజనాలయ్యాక సుధ సంచి పట్టుకుని పెరట్లోకి నడిచింది.

"పచ్చి ఒళ్ళు. చల్లటి మట్టిలో చెయ్యి పెట్టకు" అంది కనకదుర్గ వెనకనుంచి.

సుధ వినిపించుకోలేదు. పచ్చి ఒళ్ళు అన్నమాటే గానీ, బాలింత అన్నమాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. ఒడిలో బిడ్డ లేని మనిషిని ఏమనాలో అత్తగారికి తెలియలేదు. నడుముకు గుడ్డ కట్టింది, వేణ్ణీళ్ళు పోసింది, కాయం మందు నూరి పెట్టింది. వెల్లుల్లి మాత్రం పెట్టలేదు, పాలు పడతాయని. అయినా పాలు పడ్డాయి. నర్సు క్యాబేజీ ఆకులు పెట్టుకోమంది. మల్లెపూలు కడితే రెండు రోజుల్లో ఇంకిపోయేవి, ఈ దిక్కుమాలిన దేశంలో మల్లెపూలు కూడా లేవని కనకదుర్గ స్నానాల గది బయట నిలబడి ఏడ్చింది. ప్రేమ లేని మనిషి కాదు. జరిగినదాన్ని నోటితో అనకపోతే జరగనట్టే అవుతుందని నమ్మిన మనిషి.

శాంటా క్లారాలో ఆ అద్దె ఇంటి వెనక గజమెత్తు కంచె, కంచె పక్కన పొడుగాటి మడి ఉంది. అందులో ఏనాడో ఎవరో వేసిన గులాబీ మోడొకటి తప్ప ఏమీ లేదు. వారం కిందట వాన పడ్డందువల్ల బంకమట్టి పారకు అంటుకుపోతోంది. సుధ చిన్న పారతో తవ్వింది. జానెడు లోతు, మధ్య నాలుగు వేళ్ళ ఎడం. దుంపకు చదునుగా ఉన్న వైపు కిందికి, మొన పైకి. ఒక్కొక్కదాన్నీ అరచేతిలో కాసేపు పట్టుకుని, చల్లదనం తగ్గాక గుంటలో కూచోబెట్టింది. మట్టి కప్పి అరచేత్తో నొక్కింది. ఇంతకన్నా జాగ్రత్తగా పడుకోబెట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

తనకా అవకాశం రాలేదు. పని చేస్తున్నంతసేపూ అదే గుర్తొచ్చింది. ఆస్పత్రిలో నర్సు తెల్లటి దుప్పటి మూటను పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, ఎత్తుకుంటారా అని అడిగింది. చక్రపాణి అమ్మవైపు చూశాడు. కుర్చీలో ఉన్న కనకదుర్గ తల అడ్డంగా ఊపింది. చూస్తే మమకారం పెరుగుతుంది, వద్దు. అతను నర్సుతో "నో, థాంక్యూ" అన్నాడు, రెండోసారి కాఫీ వద్దన్నంత మర్యాదగా. సుధ గోడవైపు తిరిగి ఉంది. ఆమె తల తిప్పేలోపల నర్సు వెళ్ళిపోయింది. తర్వాత ఎక్కడికి తీసుకెళ్ళారని ఒక్కసారి అడిగింది. హాస్పిటల్ వాళ్ళే చూసుకుంటారన్నాడు. ఇంకోసారి అడగబోతే చెత్త బండి వచ్చే రోజని డబ్బా తోసుకుంటూ బయటికి వెళ్ళాడు. మగవాళ్ళ మనసు గట్టిది, మరిచిపోయాడు అనుకుంది సుధ. ఆ మరుపును ఆమె క్షమించలేకపోయింది.

మర్నాడు పొద్దున మడిలో కొత్త మట్టి లేచి ఉంది. అర్ధచంద్రాకారంలో మూడు కుప్పలు, మెత్తగా జల్లించినట్టున్న మట్టి. సుధ నైటీ మీదే పరిగెత్తి, చేత్తో తవ్వి చూసింది. మొదటి వరసలో దుంపలు లేవు. పైన నొక్కిన మట్టి నొక్కినట్టే ఉంది. ఏదో కిందినుంచే లాగేసింది. గుంట అడుగున చెయ్యి పట్టేంత సొరంగం.

"పందికొక్కు!" అంది కనకదుర్గ మెట్ల మీదనుంచి. ఎన్నాళ్ళకో ఆవిడకు తెలిసిన విషయం ఒకటి అమెరికాలో ఎదురైంది. "మా ధాన్యం కొట్టు కింద ఇలాగే తోడేసేవి. చూస్తూ ఉండు, ఇంకో రెండు రోజుల్లో ఒక్కటీ మిగలనివ్వదు."

"ఇక్కడ గోఫర్ అంటారు."

"ఏమంటే ఏం, కడుపు నిండటమే దాని పని."

సుధ లోపలికొచ్చి నెట్‌లో చదివింది. దుంపలంటే దానికి ప్రాణం. బోను పెట్టవచ్చు, మందు పెట్టవచ్చు, సొరంగంలో పొగ వదలవచ్చు. మందు ఎక్కడ దొరుకుతుందో చూస్తుంటే అత్తగారు భుజంమీంచి తొంగిచూసింది. ఇంగ్లీషు రాకపోయినా ఎలుక బొమ్మ పక్కన పుర్రె బొమ్మ అర్థమైంది.

"వద్దే. వినాయకుడి వాహనం. చంపకు. ఈ ఇంట్లో ఇంకో ప్రాణం…"

అని ఠక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుధ తలెత్తి ఆవిడవైపు చూసింది. అత్తగారు పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలేమీ లేవు.

ఇంకో ప్రాణం. అంటే ముందొక ప్రాణం పోయిందని ఆవిడకూ లెక్క ఉందన్నమాట. సుధ లాప్‌టాప్ మూసేసింది. తర్వాత కారు తీసుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళింది.

చంపకుండా కాపాడుకోవాలంటే మార్గం ఒక్కటే. ఇనుప వలను కత్తిరించి, బుట్టలు అల్లి, నేలలో దించి, వాటిలో దుంపల్ని పెట్టాలి. వేళ్ళు బయటికి పోతాయి, పళ్ళు లోపలికి రావు. వల చుట్ట ఒకటి, రేకు కత్తెర ఒకటి, సన్నటి తీగ కొంచెం తెచ్చింది. మిగిలిన దుంపలన్నీ తవ్వి తీసి, మట్టి దులిపి, బకెట్‌లో పెట్టింది. ఎండలో మెట్లమీద కూచుని వల విప్పింది. చుట్ట విప్పితే మళ్ళీ దానంతటదే చుట్టుకుంటోంది. ఒక కొసను కాలితో తొక్కిపెట్టి కత్తిరించింది. గళ్ళు లెక్కపెట్టుకుని, నాలుగు మూలలూ చీల్చి, పైకి మడిచి, తీగతో కుట్టింది. మొదటి బుట్ట వంకరగా వచ్చింది. రెండోది కొంచెం నయం. తెగిన తీగ మొనలు చేతి తొడుగుల్లోంచి కూడా గుచ్చుకుంటున్నాయి. సాయంత్రం అన్నం కలుపుకుంటుంటే వేళ్ళు భగ్గుమన్నాయి. అది చూసి కనకదుర్గ ఆమె కంచంలో చెంచా తెచ్చి పెట్టింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం చక్రపాణి కాఫీ కప్పుతో పెరట్లోకి వచ్చాడు. కాసేపు నిలబడి చూశాడు. సుధ బొటనవేలికి కట్టిన గుడ్డలోంచి రక్తం ఊరుతోంది. కప్పు కింద పెట్టి, పక్కన కూచుని, ఆమె చేతిలోంచి కత్తెర తీసుకున్నాడు. ఆమె ఇచ్చింది. వద్దనే ఓపిక లేదు.

అతని చేతికి వల బాగానే లొంగింది. ఒక బుట్ట మడిచి, మూలలు తీగతో బిగించాడు.

"పైన కూడా మూత వెయ్యాలి. లేకపోతే పైనుంచి దిగుతుంది" అన్నాడు. "అసలు డాఫడిల్స్ వేస్తే ఈ గొడవే లేదు. చేదు, వాటి జోలికి రాదు. ట్యులిప్స్ అంటే దానికి మిఠాయి."

సుధ చేతిలో తీగ ఆగిపోయింది. చక్రపాణికి బంతికీ చేమంతికీ తేడా తెలియదు. అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు కరివేపాకు మొక్కకు రెండు రోజులు నీళ్ళు పొయ్యమంటే ఎండబెట్టిన మనిషి.

"ఎవరు చెప్పారు మీకు?" అడిగింది. ఇద్దరే ఉంటే అతన్ని నువ్వు అనే అంటుంది. అత్తగారు వచ్చిన దగ్గరనుంచి మీరు.

"ఎవరో చెప్పారు."

"ఎవరు?"

"అక్కడ తోటపని చేసే అతను."

"ఎక్కడ?"

చక్రపాణి తీగను మెలిపెడుతూనే ఉన్నాడు. అది బిగిసిపోయింది. అయినా తిప్పుతూనే ఉన్నాడు. చివరికి తెగి ముక్క చేతిలోకి వచ్చింది.

"వాణ్ణి పెట్టినచోట" అన్నాడు.

వాడు. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరైనా తప్పనిసరై అంటే అది అన్నారు, ఆ విషయం అన్నారు. సుధకు ముందు ఆ మాటే వినిపించింది. మిగతాది తర్వాత అర్థమైంది.

"నీకు తెలుసా ఎక్కడో?"

"తెలుసు. హాస్పిటల్ వాళ్ళు ఇలాంటి పిల్లల్ని ఒకేచోట, సెమెటరీలో… ఏ రోజో నాకు ముందే చెప్పారు. ఆఫీసుకని వెళ్ళి అక్కడికి వెళ్ళాను."

"చూశావా?"

అతను తెగిన తీగ ముక్కను వేళ్ళమధ్య తిప్పుతున్నాడు.

"చక్రీ, వాణ్ణి చూశావా?"

"హాస్పిటల్లోనే చూశాను. నువ్వు మందు మత్తులో నిద్రపోయావు. అమ్మ ఇంటికెళ్ళింది. కారిడార్‌లో నర్సు మళ్ళీ అడిగింది. ఈసారి వద్దనలేకపోయాను."

"ఎత్తుకున్నావా?"

"ఎత్తుకున్నాను."

సుధ చేతి తొడుగులు తీసేసింది. తీసి ఒకదానిమీద ఒకటి పెట్టింది. ఆమె గొంతు మెల్లగానే ఉంది.

"నిన్ను రెండోసారి అడిగారు. నన్ను ఒక్కసారే అడిగారు. అది కూడా నన్ను కాదు, నిన్నే అడిగారు."

"నీకు చెబితే తట్టుకోలేవనుకున్నాను సుధా. అమ్మ కూడా, తల్లి ముందు ఆ మాట ఎత్తితే ఇంక కోలుకోదు అంది. అసలు నేను వెళ్ళినట్టు అమ్మకు కూడా తెలీదు. అప్పుడప్పుడు లంచ్ టైంలో వెళ్ళొస్తుంటాను. ఏమీ చెయ్యను, ఊరికే నిలబడతాను. నవంబర్లో ఒకసారి వెళ్తే రాయి పక్కన మట్టి లేచి ఉంది. ఇదిగో, ఇలాగే." మడిలో కుప్పవైపు చూపించాడు. "అక్కడ పూల దుంపలు నాటుతున్న అతని దగ్గరికి పరిగెత్తాను. ఇవి ఎంత లోతుకు వెళ్తాయి, పిల్లల దాకా వెళ్తాయా అని అడిగాను. అంత లోతుకి పోవు సర్, వాటికి వేళ్ళూ దుంపలే కావాలి, అందుకే మేం డాఫడిల్స్ వేస్తాం అన్నాడు. నమ్మాను. నమ్మినా, వెళ్ళినప్పుడల్లా ఆ మట్టి తొక్కి చదును చేసి…"

సుధ గుప్పెడు బంకమట్టి తీసి అతని గుండెల మీద విసిరింది. ఇంకో గుప్పెడు విసిరింది. అతను కదల్లేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మట్టి స్వెటర్‌కి అంటుకుని, కొంచెం కాఫీ కప్పులో పడింది.

"నువ్వు మరిచిపోయావనుకున్నాను" అంది. "రోజూ నిన్ను తిట్టుకున్నాను. నాకు ఒక్కమాట చెప్పడానికి నీకేం పోయింది?"

లేచి లోపలికి వెళ్తుంటే వంటింటి తలుపు దగ్గర కనకదుర్గ నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో, పొయ్యిమీద పులుసు అడుగంటి ఇల్లంతా మాడు వాసన. ఆవిడ దారిచ్చి పక్కకు తప్పుకుంది. సుధ గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

కోపం అని ఒక్కమాటలో అనేస్తే చాలదు. అసూయ కూడా ఉంది. తొమ్మిది నెలలు మోసింది తను, చేతుల్లోకి తీసుకున్నది అతను. అది న్యాయం కాదు. దాని వెనకే, ఒప్పుకోవడానికి ఇష్టంలేని ఉపశమనం ఉంది. ఒకరైనా ఎత్తుకున్నారు. వాణ్ణి ఎవరూ ఎత్తుకోకుండా పంపలేదు. ఒకే ఇంట్లో, ఒకే మంచంమీద పడుకుంటూ, ఒకే బిడ్డకోసం ఇద్దరూ దొంగతనంగా విడివిడిగా ఏడ్చారు. ఇంతకన్నా దండగ ఏడుపు ఇంకోటి ఉండదనిపించి ఆమె మళ్ళీ ఏడ్చింది.

పొద్దు వాలుతుండగా కిటికీలోంచి చూసింది. చక్రపాణి ఇంకా పెరట్లోనే ఉన్నాడు. స్వెటర్ మీద మట్టి అలాగే ఉంది. బుట్టలన్నీ పూర్తిచేసి, మడి పొడుగునా కాలవ తవ్వి, బుట్టలు దించి, దుంపలు పెడుతున్నాడు. ఎలా పడితే అలా పెడుతున్నాడు. కొన్ని పక్కకు పడుకున్నాయి, కొన్ని తలకిందులుగా ఉన్నాయి. ప్రోగ్రాములో ఒక్క చుక్క తప్పు పోనివ్వని మనిషి. సుధ కాసేపు ఓర్చుకుంది. ఓర్చుకోలేక బయటికి వచ్చి, అతని ఎదురుగా మోకాళ్ళమీద కూచుని, ఒక్కొక్కదాన్నే తిప్పి సరిగా పెట్టింది.

"మొన పైకి" అంది.

అతను తర్వాతి బుట్టలో మొన పైకి పెట్టాడు. ఆమె చూసి మట్టి పోసింది. అలా మడి చివరిదాకా ఒకరు పెట్టారు, ఒకరు కప్పారు.

కనకదుర్గ చిన్న గిన్నె పట్టుకుని మెట్లు దిగివచ్చింది. ఆ రోజు వలిచేసినవి నీళ్ళు చల్లిన గుడ్డలో చుట్టి ఉన్నాయి. సుధ గట్టుమీద వదిలేసి వెళ్తే, ఈ రెండు రోజులూ వంటింట్లో ఎక్కడో దాచి ఉంచింది.

"పొట్టు తీసినవి మొలుస్తాయా?" అని అడిగింది.

"కొయ్యనివి మొలుస్తాయి అత్తయ్యా."

"నాకు తెలీక చేశాను తల్లీ. మంచిదే అనుకుని చేశాను."

సుధ గిన్నె అందుకుంది. ఆఖరి బుట్టలో వాటిని పెట్టి, పైన వల మూత వేసి, చక్రపాణి బిగించేదాకా పట్టుకుంది. తర్వాత అతని మొహం చూడకుండానే అంది:

"రేపు తీసుకెళ్ళు."

పొద్దున్నే కారు గరాజ్‌లోంచి బయటికి తీసేసరికి కనకదుర్గ వాకిట్లో నిలబడి ఉంది. ఉతికిన నేత చీర, పైన చక్రపాణి పాత జాకెట్, కాళ్ళకు మేజోళ్ళు, బూట్లు.

"నువ్వెందుకమ్మా? ఆడవాళ్ళు అలాంటిచోటికి రాకూడదని నువ్వే అంటావుగా" అన్నాడు చక్రపాణి.

"అంటాను. తలుపు తియ్యి" అంది. వెనక సీట్లో కూచుని, దారిపొడుగునా కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఒక్కమాట మాట్లాడలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి అంతసేపు మౌనంగా ఉండటం సుధ ఎన్నడూ చూడలేదు.

ఫ్రీవే దిగి కొంతదూరం వెళ్ళాక సెమెటరీ వచ్చింది. గేటు లేకపోతే పార్కు అనుకోవచ్చు. గడ్డిలో నేలకు సమంగా రాళ్ళు ఉన్నాయి. మంచు తడిలో బూట్లు తడిశాయి. ఒక మూల పిల్లలది. రంగురంగుల గాలిమరలు, ఒక బొమ్మ కారు, వాడిపోయిన పూలగుత్తులు. చక్రపాణి ముందు నడిచాడు. దారి వెతుక్కోలేదు. కంచె దగ్గర ఒక బూడిదరంగు రాయి ముందు ఆగాడు. రాయిమీద పేర్లు లేవు, ఆ ఏడాది అంకె మాత్రమే ఉంది. ఆ ఏడు ఆ ఆస్పత్రిలో అలా పుట్టిన పిల్లలందరికీ కలిపి ఒక్కటే రాయి.

"ఇక్కడే" అన్నాడు.

సుధ నిలబడి చూసింది. ఏదో అవుతుందనుకుంది, ఏమీ కాలేదు. గడ్డి, రాయి, చలి. ఇక్కడ ఉన్నాడు అని మనసులో అనుకుంది. ఇన్నాళ్ళూ వాడు ఎక్కడా లేడు. పొద్దున లేస్తే ఎటువైపు తిరిగి ఏడవాలో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు ఒక దిక్కు ఉంది. ఆమె తడిగడ్డిలో కూలబడింది.

రాయికి బారెడు దూరంలో కొత్తగా మట్టి లేచి ఉంది. చక్రపాణి అలవాటుగా బూటుకాలు ఎత్తాడు. కనకదుర్గ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆ చెయ్యే ఆసరాగా, మోకాళ్ళు పట్టేసినా మూలుగుతూ కింద కూచుంది. మట్టిగడ్డల్ని వేళ్ళతో చిదిపి, సొరంగం మూసి, అరచేత్తో చదునుగా రాసింది. తెనాలిలో ఇంటిముందు నేల అలికే మనిషి చెయ్యి అది, ఎక్కడా ఎత్తుపల్లం మిగల్లేదు. చెయ్యి గడ్డికి తుడుచుకుని, కొడుకు మొహంలోకి చూసింది.

"ఎవరి పోలికరా?" అని అడిగింది.

ఏ ఇంట్లోనైనా పురిటిగది తలుపు తెరవగానే అడిగే మాట అది. నాయనమ్మలు ముందుగా అడిగే మాట. చక్రపాణి తన నుదురు తాకి చూపించాడు.

"జుట్టు చాలా ఉందమ్మా. నల్లగా, నుదుటిమీద పడేంత."

"మీ నాన్నగారికీ అంతేనట, పుట్టినప్పుడు. మరి రంగు?"

"సుధ రంగే."

"ముక్కు?"

"ముక్కు కూడా సుధదే. ఇంతే ఉంది, చిన్నది." వేలి కొస చూపించాడు. "వేళ్ళు నావి. పొడుగ్గా ఉన్నాయి. గోళ్ళు కూడా పెరిగి ఉన్నాయమ్మా."

"గడ్డం కింద సొట్ట ఉందా? మన ఇంట్లో మగపిల్లలందరికీ ఉంటుంది."

"ఉంది."

కనకదుర్గ అవునన్నట్టు తల ఊపింది. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోవడం లేదు. సుధ రాయిమీద చెయ్యి పెట్టి, ఒక్కమాట కూడా జారిపోకుండా వింటోంది. జుట్టు, ముక్కు, వేళ్ళు, సొట్ట. వాటన్నిటినీ ఒకచోట చేర్చి మొహం కట్టుకోవాలని చూస్తోంది. ఇంకా చాలడం లేదు.

"కళ్ళు?" అని అడిగింది.

చక్రపాణి ఆమె పక్కన కూచున్నాడు.

"తెరవలేదు కదా సుధా" అన్నాడు.

కనకదుర్గ గడ్డిమీద జరిగి జరిగి కోడలి దగ్గరికి వచ్చింది. మట్టి అంటిన చేత్తోనే ఆమె గడ్డం పట్టుకుని, మొహం తనవైపు తిప్పుకుని, కళ్ళలోకి చాలాసేపు చూసింది.

"నీవే అయ్యుంటాయిలే తల్లీ" అంది. "నీ కళ్ళే అయ్యుంటాయి."